కొసరు లేని గోదాం

అల్ హైల్, మస్కట్
9 ఫిబ్రవరి 2025

మావయ్యా,

నీకూ అత్తయ్యకీ నమస్కారాలు. చెవిలో పెట్టుకునే మిషను సొరుగులో పడేశావట, అత్తయ్య చెప్పింది. ఫోను చేస్తే అడిగినదానికీ అడగనిదానికీ "ఆఁ ఆఁ, అంతా కులాసా" అంటావు. పోనీ మెసేజి పెడదామంటే సెల్లులో అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకే కాగితం, కలం పట్టుకున్నాను. పోస్టులో పదిరోజులు పడితే పడనీ, నీ జవాబైనా తిన్నగా వస్తుంది.

నాకు నీ సలహా కావాలి. సరుకుల బేరం. తుని మెయిన్ రోడ్డులో నలభై ఒక్క ఏళ్లుగా హోల్‌సేల్ కిరాణా నడుపుతున్నవాడివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మా ఇంటికి పావుగంట దూరంలో కొత్తగా ఒక గోదాం కొట్టు తెరిచారు. మామూలుగా అందరూ వెళ్లే సూపర్ మార్కెట్టు కాదిది. ఏడాదికి ఇరవై రియాళ్లు కట్టి కార్డు తీసుకుంటేనే లోపలికి రానిస్తారు. మన డబ్బులో నాలుగున్నర వేల దాకా. ఆ కార్డున్నవాళ్లు వెళ్లినప్పుడల్లా వెంట ఇద్దరిని తీసుకెళ్లవచ్చు. కింది అంతస్తు తయ్యబా అక్క (హైదరాబాదు ఆవిడే) కార్డు తీసుకుంది, మొన్న శుక్రవారం నన్నూ స్నిగ్ధనీ వెంటబెట్టుకు వెళ్లింది.

మావయ్యా, ఏం చెప్పమంటావు! గుమ్మంలో అడుగుపెట్టి నేను అలా నిలబడిపోయాను. వెనకాల వచ్చేవాళ్లు నన్ను చుట్టుకుని వెళ్లారు. ఆ కప్పు ఎంత ఎత్తో నాకు అంచనా అందలేదు. నేల దగ్గర్నుంచి కప్పుదాకా ఇనుప అరలు, అరల నిండా బస్తాలు. బియ్యం బస్తాలే ఒక వీధి పొడుగునా ఉన్నాయి. ఇక్కడి సమాయిల్ ఊరి ఖర్జూరాల పెట్టెలు, నూనె డబ్బాలు, పప్పులు, టైర్లు, పరుపులు, ఒకచోట పడవ కూడా ఉంది! చిన్నప్పుడు నీ కొట్టులో బెల్లం దిమ్మల వెనక దాక్కునేదాన్ని గుర్తుందా, ప్రపంచంలో సరుకంతా అక్కడే ఉందనుకునేదాన్ని. నాకెందుకో కళ్లు చెమర్చాయి. స్నిగ్ధ నా చెయ్యి గుంజి, "అమ్మా, అందరూ చూస్తున్నారు, నోరు ముయ్యి" అంది.

అన్నీ పెద్ద పెద్ద మోతాదులే. కిలోకి లెక్కేస్తే బయటకంటే చవక. ఏడాదిలోపు ఎప్పుడైనా కార్డు నచ్చలేదంటే కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇస్తారట. మేం ముగ్గురమే కదా. జయదేవ్‌కి ఇక్కడికి దూరంగా సహం అనే ఊరికి బదిలీ అయ్యాక వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటున్నారు. కార్డు తీసుకోమంటావా, వద్దంటావా?

జవాబు త్వరగా రాయి. అత్తయ్య మోకాళ్ల నొప్పి ఎలా ఉందో కూడా రాయి, మర్చిపోకు.

నీ చిట్టి


తుని
19 ఫిబ్రవరి 2025

ఓసి నీ అసాధ్యం కూలా!

చిట్టీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మీ అత్తయ్యకి పైకి చదివి వినిపించి, గల్లాపెట్టెలో దాచాను. కొట్టులోకి రావడానికి డబ్బు కట్టడమేమిటే? నా కొట్టుకి వచ్చినవాళ్లకి నేను కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను. పిల్లలకి బెల్లం ముక్క పెట్టాను. అలా చేసినా కొందరు మళ్లీ వచ్చేవారు కాదు, పక్క కొట్టుకి పోయేవారు. మీ గోదాం వాడు గుమ్మంలోనే డబ్బు పుచ్చుకుంటుంటే జనం ఎగబడుతున్నారా? వాడి కాళ్లకి దండం పెట్టాలి.

నమ్మకం లేదుగానీ, చదివినప్పట్నుంచీ అదే ధ్యాస. నిన్న చింతపండు దిగుమతి చేస్తుంటే కూడా అదే. ఇవి కనుక్కుని రాయి. పై అరలో బస్తాని కిందికి దించేదెవరు? బియ్యంలో పురుగు పడితే ఏం చేస్తారు? ఎలుకలు లేవా? ఎలుకలు లేకుండా బియ్యం గోదాం ఉండదు, నీకు కనబడలేదంతే. నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తామన్నాడంటే అందులో ఏదో మెలిక ఉంది, కాగితం వెనకవైపు చదువు.

అన్నిటికంటే ముఖ్యమైనది: కొసరు ఏమిస్తారు? తూచినదాని మీద ఒక గుప్పెడు పడెయ్యని కొట్టు ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం? ఆ గుప్పెడు కోసమే మనిషి రెండోసారి గడప ఎక్కుతాడు.

ఇక నీ సలహా సంగతి. ఊరికే చెప్పను. ఒక నెల పాటు నీ వంటింట్లో ఏం ఖర్చయిందో తూచి రాయి. నెల మొదట్లో డబ్బాలు తూచు, ఆఖర్న తూచు. ఉజ్జాయింపు నాకు పనికిరాదు. ఇంటి వాడకం చూస్తే ఆ ఇంటి సంగతంతా తెలిసిపోతుంది. అప్పుడు చెప్తాను.

మీ అత్తయ్య మోకాళ్లు మెట్లు ఎక్కేటప్పుడే నొప్పి, పేరంటాలకి వెళ్లేటప్పుడు లేదు.

మీ మావయ్య
వీరభద్రరావు


అల్ హైల్
2 ఏప్రిల్ 2025

మావయ్యా,

రంజాను నెల అయిపోయింది, మొన్ననే పండగ. తయ్యబా అక్క ఇంట్లోంచి రెండు గిన్నెలు వచ్చాయి, తిరిగి ఖాళీగా పంపకూడదని పులిహోర పంపాను.

నీ ప్రశ్నలకు జవాబులు. బస్తాలు దించేది బండి. ముందు రెండు ఇనుప చేతులుంటాయి, ఒక మనిషి అందులో కూర్చుని కప్పుదాకా లేపి, గాజు గ్లాసు దించినట్టు దించుతాడు. స్నిగ్ధ, నేను పావుగంట అక్కడే నిలబడి చూశాం. ఎలుకలు ఒట్టు, ఒక్కటి లేదు. కప్పు దూలాల్లో పిచ్చుకలు మాత్రం ఉన్నాయి. కాగితం వెనకవైపు చదివాను, మెలిక లేదు. కొసరు మాట ఎవరినడగను మావయ్యా? అక్కడ తూచేవాడే లేడు, అన్నీ కట్టేసి ఉంటాయి.

ఇక నువ్వడిగిన లెక్క. కాటా కొని మరీ తూచాను, నవ్వకు. మార్చి నెలకి బియ్యం నాలుగు బస్తాలు, ఇరవై కిలోలవి, ఐదోదాంట్లో సగం. కందిపప్పు పదహారు కిలోలు. నూనె పద్నాలుగు లీటర్లు. చింతపండు మూడున్నర. జొన్నపిండి ఆరు. ఉల్లిపాయలు పెద్ద సంచి, తూచడం మరిచిపోయాను. మిగతావి వెనక పేజీలో రాశాను.

ఇప్పుడు చెప్పు, కార్డు విలువ చేస్తుందా? తొందరగా చెప్పు, ఇక్కడ సరుకుల ధరలు ఊపిరాడనివ్వడం లేదు.

చిట్టి


తుని
19 ఏప్రిల్ 2025

ఉదయశ్రీకి,

చిట్టీ అని రాయడానికి చెయ్యి రాలేదు, అందుకే అసలు పేరు రాశాను.

ముగ్గురు మనుషులు, అందులో ఒకరు వారానికి రెండు రోజులు. నెలకి తొంభై కిలోల బియ్యమా? మూడున్నర కిలోల చింతపండా? మీరు చారు తాగుతున్నారా, చారులో ఈత కొడుతున్నారా? నేను బేరగాణ్ణే అమ్మా, పిచ్చివాణ్ణి కాను. బియ్యం చూస్తే విస్తళ్లెన్నో చెప్పగలను. నీ ఇంట్లో రోజూ పది మందికి పైగా తింటున్నారు.

ఎవరా అని ఆలోచించాను. జొన్నపిండి పట్టించేసింది. మనింట్లో జొన్నరొట్టె ముట్టేవాళ్లు లేరు. జయదేవ్ వాళ్లే తింటారు. అంటే తన అన్నదమ్ముల్నీ, వాళ్ల పెళ్లాం పిల్లల్నీ తెచ్చి నీ నెత్తిన పెట్టాడన్నమాట. తనేమో హాయిగా సహంలో కూర్చున్నాడు. నువ్వు నోరెత్తకుండా వండి పోస్తున్నావు. పైగా ధరలు ఊపిరాడనివ్వడం లేదని నాకు రాస్తావు!

ఈ సంబంధం తెచ్చింది నేను. మీ అమ్మకి మాటిచ్చినవాణ్ణి నేను. ఊరుకోలేక ఇదే పోస్టులో జయదేవ్‌కి వేరే ఉత్తరం రాశాను. కడిగేశాను. నీకు కోపం వస్తే రానీ.

కార్డు మాట తర్వాత. ముందు ఆ బలగాన్ని ఎప్పుడు పంపిస్తున్నావో రాయి.

వీరభద్రరావు


అల్ హైల్
4 మే 2025

మావయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. జయదేవ్ తనది చదివి ముందు నవ్వారు. తర్వాత మడిచి జేబులో పెట్టుకుని, "మావయ్యగారికి నిజం చెప్పెయ్యి ఉదయా, ఇంకా దాచితే బావుండదు" అన్నారు. అన్నదమ్ములెవరూ రాలేదు. ఆయన్ని అనవసరంగా తిట్టావు. తిట్టించింది మాత్రం నేనే.

సహం బదిలీ కాదు మావయ్యా. డిసెంబరులో ఆయన కంపెనీలో పని అయిపోయింది, ఇంజనీర్లని ముప్ఫై మందిని పంపేశారు. సహంలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సగం జీతానికి చేరారు. అద్దె, స్నిగ్ధ స్కూలు ఫీజు, రెండూ అందులోంచి రావు. సామాను కట్టుకుని వచ్చేద్దామా అని జనవరిలో ఒక రాత్రంతా మాట్లాడుకున్నాం. నీకు ఎందుకు చెప్పలేదంటావా? సంబంధం తెచ్చింది నువ్వు కాబట్టే. నువ్వు అన్నం మానేసి కూర్చుంటావని నాకు తెలుసు.

తినేవాళ్లు ఎవరో కూడా చెప్తాను. మా వీధి అవతల వర్క్‌షాపు పక్కన ఒక రూమ్ ఉంది. పదకొండు మంది, జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లు, కట్టుబడి పనివాళ్లు. వాళ్లలో పెద్దాయన దేవయ్య. యాభై దాటాయి, పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. మా మెట్లకి బండలు వెయ్యడానికి వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, "చెల్లే, గిది పప్పుచారేనా? మా దేవవ్వ చేసినట్టే వాసనొస్తుంది" అన్నాడు. దేవవ్వ అంటే ఆయన భార్య. చూసి మూడేళ్లయిందట. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి వండుకునే ఓపిక లేక, బ్రెడ్డు టీలో ముంచుకుని పడుకుంటున్నారని మాటల్లో తెలిసింది. ఇప్పుడు ప్రతి సాయంత్రం పదకొండు మందికీ నేనే వండుతున్నాను. ఇంట్లో వండి అమ్ముకోవడానికి అనుమతి కాగితం కూడా తీసుకున్నాను. దాంతో అద్దె గట్టెక్కుతోంది. మేం ఇక్కడ ఉంటున్నామంటే దానివల్లే. సరుకు చవకగా దొరికితే నిలబడతాను, లేకపోతే జూన్ దాటదు.

అందుకే అడిగాను కార్డు సంగతి. నిజం ఇప్పుడు నీ ముందు ఉంది. ఇప్పుడు చెప్పు మావయ్యా.

నీ చిట్టి (నువ్వు రాయకపోయినా నేను రాసుకుంటాను)


తుని
18 మే 2025

చిట్టీ,

నాలుగు రోజులు కలం పట్టలేదు. జయదేవ్‌కి క్షమించమని విడిగా రాశాను. అతను మగాడు, నిలబడ్డాడు. అతని మీద నాకు ఇప్పుడు గౌరవం పెరిగింది. నువ్వు దాచినందుకు మాత్రం గుండెల్లో కలుక్కుమంది. సరే, అది కూడా మింగాను.

ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. అన్నం అమ్ముతున్నావా?

మన ఇంట్లో బియ్యం అమ్మాం. పప్పు అమ్మాం, ఉప్పు అమ్మాం. అన్నం అమ్మలేదు. మీ అమ్మమ్మ నీకు బాగానే గుర్తుండాలి. కొండల్లోంచి చింతపండు మోసుకొచ్చిన వాళ్లని వరసగా కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి విస్తళ్లు వేసేది. బేరం కుదిరినా కుదరకపోయినా సరే. ఒకసారి మా నాన్న ఆ భోజనాల ఖర్చు బేరంలో మినహాయించబోతే, ఆవిడ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఉడికిన మెతుక్కి ధర కట్టకూడదంది. ఆవిడ పెట్టిన కట్టుబాటు అది, నేను ఇవాళ్టిదాకా దాటలేదు.

కార్డు కొనకు. ఈ వంట ఆపెయ్యి. మీకు నెలనెలా తగ్గేదేదో నేను పంపిస్తాను. కొట్టు వెనక గది అద్దెకిస్తాను, నాకేం లోటు లేదు. ఆ పదకొండు మందికీ ఊరికే పెట్టగలిగితే పెట్టు, లేకపోతే మానెయ్యి. అన్నం మాత్రం అమ్మకు.

పెద్దవాణ్ణి, ఈ ఒక్క మాట విను.

మావయ్య


అల్ హైల్
10 జూన్ 2025

మావయ్యా,

ఇది పొడుగు ఉత్తరం. మజ్జిగ తాగి చదువు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏడ్చాను. నువ్వు డబ్బు పంపిస్తానన్నందుకు కాదు. అమ్మమ్మ పేరు తెచ్చావు, అందుకు. ఊరికే పెట్టమన్నావు. పెట్టాను మావయ్యా! మొదటి రోజు పదకొండు మందికీ ఊరికే పెట్టాను. డబ్బు తీస్తే వద్దన్నాను. అమ్మమ్మ మనవరాలిని కదా, మనసు నిండిపోయింది. రెండో రోజు అంతే వండి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మూడో రోజూ రాలేదు. వెళ్లి అడిగితే దేవయ్య తల దించుకుని, "ఊకె ఎన్ని దినాలు తింటం చెల్లే? ముఖం చెల్లద్దా? పైసలు తీస్కుంటనంటే రేపటిసంది వస్తం" అన్నాడు. వాళ్లు రావడానికే నేను ధర కట్టాను. ఇందులో పాపం ఎక్కడుందో నువ్వే వెతికి చెప్పు.

అయినా నీ మాట కాదనలేక, నెలాఖరుకి వంట ఆపేస్తానని దేవయ్యతో చెప్పాను. మా మావయ్య ఒప్పుకోలేదన్నాను. ఆయన బతిమాలలేదు. "పెద్దమనిషి మాట, తప్పేముంది" అన్నాడు. ఆ వెంటనే, "చెల్లే, ఒక్కటడుగుత, ఏమనుకోకు. ఆ కొత్త గోదాంలకు నువ్వు పోయినవట గద. మమ్ములను ఒక్కపారి తోల్కపోతవా?" అన్నాడు. ఎందుకన్నాను. "దాని నేల మేమే ఏసినం" అన్నాడు.

రెండేళ్ల కింద నాలుగు నెలలు ఆయనా, ఓంకారూ ఆ కాంక్రీటు పోశారట. ఓంకార్ అంటే రూమ్‌లో అందరికంటే హుషారైనవాడు, ముప్ఫై ఉంటాయి. పని అయ్యాక మళ్లీ లోపల అడుగు పెట్టలేదు. కార్డు కావాలి కదా. రోజూ కంపెనీ బస్సు దాని ముందునుంచే వెళ్తుంది.

పోయి కార్డు కొన్నాను మావయ్యా. ఒక్కసారి తీసుకెళ్లి, మర్నాడు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. డబ్బు ఎలాగూ వెనక్కి ఇస్తారు.

బక్రీదు సెలవుల్లో వెళ్లాం. ఇద్దరూ చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, తలకి నూనె రాసుకుని వచ్చారు. గుమ్మంలో సుఫియాన్ అని ఒక ఒమానీ అతను కార్డులు చూస్తాడు. నేను కార్డు చూపించి, వీళ్లు నా అతిథులని చెప్పి వెనక్కి తిరిగేసరికి ఇద్దరూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు! సుఫియాన్ కంగారు పడ్డాడు. "చప్పల్ పహనో భాయ్, యే మస్జిద్ నహీ హై" అన్నాడు, చెప్పులు వేసుకోండి, ఇది మసీదు కాదని. నాకు సిగ్గేసింది, నిజం చెప్తున్నాను. చుట్టూ జనం చూస్తున్నారు. అప్పుడు దేవయ్య అతనికి హిందీలో నెమ్మదిగా చెప్పి, అదే నాకు తన మాటల్లో చెప్పాడు: "ఆఖరి దినం మా ఫోర్‌మాన్ జోళ్లతోటి ఎవ్వలినీ దీనిమీదికి రానియ్యలే. నేలకు మెరుగు పట్టించినం. అటెన్క మేం మల్ల రాలే. మాకు గదే యాదున్నది."

సుఫియాన్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత వంగి తన కాళ్లకేసి, కాళ్ల కింద నేలకేసి చూశాడు. "ఇదంతా మీరా?" అన్నాడు. చెప్పులు వేసుకోక తప్పదని, కాలి మీద ఏదైనా పడితే తన ఉద్యోగం పోతుందని బతిమాలి వేయించాడు.

మావయ్యా, ఆ గోదాంలోకి అడుగుపెట్టిన ప్రతివాళ్లూ తల పైకెత్తుతారు. నేనూ ఎత్తాను. ఆ ఇద్దరూ దించారు. బస్తాలు చూడలేదు, పడవ చూడలేదు, వీధి వీధీ నేల చూసుకుంటూ నడిచారు. "సూడు చెల్లే, గంత ఎత్తు అరలు వంకర లేకుంట నిలవడ్డయంటే కింద నేల సదునుగ ఉన్నది. ఇంత ఎగుడుదిగుడున్నా పైన బస్తా మూర పక్కకు జరుగుతది. హెలికాప్టర్ కొట్టినం, రోజుకు పది గంటలు" అన్నాడు దేవయ్య. హెలికాప్టర్ అంటే నేలమీద తిరుగుతూ నునుపు చేసే మిషనట. నాలుగుసార్లు వెళ్లాను నేను, ఒక్కసారి కూడా ఆ నేల నా కంటబడలేదు.

ఓంకార్ ఏదో వెతుకుతున్నాడు. చివరికి బియ్యం వీధిలో ఆగి, ఫక్కున నవ్వాడు. నేలలో మిషనుతో కోసిన గీతలుంటాయి, పగుళ్లు రాకుండా. అన్నీ తిన్నగా ఉన్నాయి. ఒక్కచోట జానెడు మేర వంకర. "గదే నాది! మిషను జారింది. దేవన్న నన్ను పొద్దుమూకిందాక తిట్టిండు" అన్నాడు. దేవయ్య కూర్చుని ఆ వంకర గీతమీద అరచెయ్యి పెట్టాడు. ఓంకార్ నవ్వు ఆగిపోయింది. ఆ అరలో ఉన్నవి ఏ బస్తాలో తెలుసా? మార్చిలో తయ్యబా అక్క కార్డు మీద నేను తెచ్చుకున్న బియ్యం. వాళ్లు వేసిన నేల మీదనుంచే తెచ్చి, వాళ్లకే వండిపెట్టాను.

దేవయ్య సెల్లుతో నేల ఫొటోలు తీసి దేవవ్వకి పంపాడు. ఆవిడ వెంటనే ఫోను చేసి, "అంత పెద్ద దుకానం పోయి గచ్చు సూపిస్తవేంది, సామాన్లు సూపియ్యి" అని కేకలేసింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

బయటికొచ్చేటప్పుడు బిల్లుతో సరుకు సరిచూసి పంపాల్సిన సుఫియాన్, మా బండిలోకి చూడకుండానే బిల్లు మీద గీత పెట్టి, దేవయ్యకేసి తిరిగి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

మర్నాడు కార్డు తిరిగి ఇచ్చెయ్యడానికి వెళ్లాను. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి చెయ్యి పర్సులోంచి రాలేదు, ఇంటికొచ్చేశాను. ఇరవై రియాళ్లు ఎప్పుడడిగినా ఇస్తారు. నెలాఖరు ఇంకా రాలేదు. వంట ఆపమంటే ఆపుతాను, ఈసారి నిజంగా నీ మాటే. కానీ ఇదంతా చదివాక చెప్పు. ఈ కార్డు విలువ చేస్తుందా, చెయ్యదా?

నీ జవాబు కోసం గుమ్మం దగ్గరే ఉంటాను.

చిట్టి


తుని
22 జూన్ 2025

మా బంగారు చిట్టికి,

నీ ఉత్తరం కొట్టులో కూర్చుని చదివాను. చదవడం అయ్యాక కిందికి చూశాను. నా కొట్టు నేల నాపరాళ్లు, నలభై ఒక్క ఏళ్లుగా వాటి మీదే నడుస్తున్నాను. ఎవరు వేశారు? తొమ్మిది రోజులు వేశాడు ఒకడు. మధ్యాహ్నం కాలవగట్టున కూర్చుని క్యారేజీ తినేవాడు. వందల మందికి కుర్చీ వేశాను, మజ్జిగ ఇచ్చానని నీకు గొప్పగా రాశానే, అతన్ని ఒక్కనాడు లోపల కూర్చోమనలేదు. మా అమ్మ కంటబడి ఉంటే పిలిచి విస్తరి వేసేది. నాకు తోచనే లేదు.

ఆ రోజు నిద్ర పట్టలేదు. మర్నాడు కొట్టు మూసి వాకబు చేశాను. పేరు పెద్దులు. ఏరు దాటి పాయకరావుపేటలో ఉన్నాడు, ఎనభై దగ్గర పడ్డాయి. ఆటోలో వెళ్లి తీసుకొచ్చాను. గుమ్మంలో అతనూ చెప్పులు విప్పాడే చిట్టీ! నువ్వు రాసిన మాట నా కళ్లముందే జరిగింది. గల్లాపెట్టె పక్కన, నా కుర్చీలో కూర్చోబెట్టాను. అతనికీ చెవుడే. నేనడిగింది అతనికి వినబడదు, అతను చెప్పింది నాకు వినబడదు. ఇద్దరం గంటసేపు హాయిగా మాట్లాడుకున్నాం.

తర్వాత భోజనం. మీ అత్తయ్య వడ్డించింది. పెద్దులు చాలన్నాడు, చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ వినకుండా ఆ చెయ్యి పక్కనుంచి ఇంకో గరిటె వేసింది. అప్పుడు తట్టింది నాకు, ఇన్నాళ్లూ కొట్టులో పప్పు మీద, బెల్లం మీద నేను వేసిన కొసరే అది.

కాబట్టి నా తీర్పు. వంట ఆపకు. డబ్బు తీసుకో, వాళ్ల మర్యాద వాళ్లకుంటుంది. కానీ ప్రతి విస్తట్లో చాలన్నాక ఒక గరిటె వెయ్యి. పదకొండు విస్తళ్లకీ, రోజూ, మరిచిపోకుండా. ఆ గరిటెకి ధర లేదు. విస్తట్లో అన్నం కలిసిపోయాక ఏది అమ్మిందో ఏది పెట్టిందో మీ అమ్మమ్మ వచ్చి చూసినా తేల్చలేదు.

ఆ గరిటెకి బియ్యం నేను పంపలేను, దూరం. చింతపండు పంపుతున్నాను, అయిదు కిలోలు, కొత్తది. గింజ తీయించాను.

కార్డు తిరిగి ఇవ్వకు. ఆ గోదాంలో కొసరు లేదన్నావు. ఉందే పిచ్చిదానా, మొదటి ఉత్తరంలోనే రాశావు, నేనే గమనించలేదు. వెంట ఇద్దరిని తీసుకెళ్లవచ్చన్నావు చూడు, అదే.

మీ అత్తయ్య నా పాస్‌పోర్టు కోసం బీరువాలో వెతుకుతోంది. చలికాలంలో వస్తాను. నీ వెంట ఇద్దరినే రానిస్తారు కదా, ఆ రోజుకి ఓంకార్‌ని ఆగమని నేను బతిమాలుకున్నానని చెప్పు. ఒక పక్క దేవయ్య, ఒక పక్క నేను. ఆ నేలలో ఏ ముక్క ఎవరు పోశారో అతను చెప్తుంటే వినాలి.

అందుకని సొరుగులోంచి చెవి మిషను తీశాను.

మీ మావయ్య